తొలి కౌబాయ్ కథానాయకుడు బ్రాంకో బిల్లీ

గుర్రపు స్వారీ రాని యువకుడొకడు కౌబాయ్ చిత్రాలకు మూలపురుషుడైనాడంటే నమ్మశక్యం కాదు. బ్రాంకో బిల్లీగా ప్రసిద్ధి గాంచిన గిల్బర్ట్ ఎం. ఆండర్సన్ జీవితం అటువంటిది.

అతడు 1880 మార్చి 21న అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, లిటిల్ రాక్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. పుట్టినప్పటి పేరు మాక్స్ అరన్సన్. నాటకాలపై మక్కువతో న్యూయార్క్ చేరిన పిమ్మట ఆండర్సన్ అయినాడు. అల్పసంఖ్యాకులు సొంత పేరు మరుగుపరచి రంగమెక్కడం ఆ దేశంలో ఆనాడు పరిపాటి. అందులోని బాధ ఎట్టిదో పాఠకులకు వివరించనక్కరలేదు.

1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ' చిత్రంలో అతడు ఒకటికి మించిన వేషాలు ధరించాడు. స్వారీ వచ్చునని చెప్పి చేరినవాడు తీరా గుర్రంపై నుండి కిందపడ్డాడని ప్రతీతి. అయితేనేం, ప్రజలు ఆ చిన్న చిత్రాన్ని ఎగబడి చూడటం గమనించి, తన దారి ఇదేనని నిశ్చయించుకొన్నాడు.

1907లో జార్జి స్పూర్‌తో కలిసి చికాగోలో ఎస్సనే సంస్థను స్థాపించాడు. ఇద్దరి ఇంటిపేర్ల తొలి అక్షరాలైన ఎస్, ఏ కలిసి ఆ పేరు ఏర్పడింది. 1912లో కాలిఫోర్నియాలోని నైల్స్ అనే చిన్న ఊరిలో స్టూడియో నెలకొల్పాడు. అక్కడి కొండలు, లోయ, మట్టిబాటలే అతనికి సెట్టింగులు. కథ, దర్శకత్వం, నటన అన్నీ తానే. చిత్రం ఒక్క రీలు. పదిహేను నిమిషాలు దాటేది కాదు. ఇంచుమించు వారానికొకటి చొప్పున ఇట్టివి వందకు పైగా వెలువడినవి.

1911 నాటి 'బ్రాంకో బిల్లీస్ క్రిస్మస్ డిన్నర్' కథ చూడండి. బండిని దోచుకొన దలచిన బిల్లీ, బెదరిన గుర్రాలు లాగుకొనిపోతున్న ఆ బండిలోని యువతిని కాపాడతాడు. ఆమె కృతజ్ఞతతో పండుగ విందుకు పిలుస్తుంది. తీరా ఆమె తండ్రి ఆ ప్రాంతపు పోలీసు అధికారి! బిల్లీ తన దురుద్దేశాన్ని దాచక ఒప్పుకొంటాడు. అయినా విందు బల్ల వద్ద అతనికి చోటు దక్కుతుంది. ఇది అల్పమైన కథ అని పండితులు పెదవి విరువవచ్చు. కాని దొంగను ఉరికంబానికి కాక అన్నం ముందుకు నడిపించిన ఈ ఊహ సామాన్యమైనది కాదు. ప్రేమ వల్ల మారిన దుర్మార్గుడు తరువాతి చిత్రాలలో ఎన్నిసార్లు కనిపించాడో లెక్కలేదు.

వారానికి 1,250 డాలర్ల జీతంపై చార్లీ చాప్లిన్‌ను ఎస్సనేకు రప్పించినవాడూ ఇతడే. 1915లో 'ది ట్రాంప్' నైల్స్‌లోనే తయారైనది. మరుసటి సంవత్సరమే ఆండర్సన్ తన వాటాను స్పూర్‌కు అమ్మివేశాడు. నైల్స్ స్టూడియో మూతపడింది. నాటక నిర్మాణం, హాస్య చిత్రాలు అతనికి పూర్వవైభవం తేలేదు. పొడవైన చిత్రాలతో కొత్త కౌబాయ్‌లు వచ్చి ప్రేక్షకులను ఆకట్టుకొన్నారు. దశాబ్దాల తరబడి అతని పేరెత్తినవారు అరుదు. అతని చిత్రాలలో అనేకం నశించినవి కూడా.

1958లో ఆస్కార్ సంస్థ గౌరవ పురస్కారం ఇచ్చేనాటికి అతనికి 78 ఏళ్లు. 1965లో 'ది బౌంటీ కిల్లర్' అనే కౌబాయ్ చిత్రంలో చిన్న వేషం వేశాడు. 1971 జనవరి 20న, తొంభై ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోనే కన్నుమూశాడు.