గిల్బర్టు వైటు

ఇంగ్లండు దేశమునకు దక్షిణమున హాంప్‌షైరు మండలములో సెల్బోర్ను అను గ్రామము కలదు. ఊరిని ఆనుకొని యొక నిటారైన కొండ. కొండనిండ బీచి చెట్ల అడవి. గిల్బర్టు వైటు 1720వ సంవత్సరము జూలై 18వ తేదీన ఈ గ్రామముననే జన్మించెను. అతని తాత ఆ యూరి చర్చిలో మతాచార్యుడు. వైటు ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో చదివి, 1743లో పట్టము పొంది, తానును ఆ వృత్తినే స్వీకరించెను. గుఱ్ఱపుబండి ప్రయాణము అతనికి సరిపడెడిది కాదు. జీవితములో పెక్కు సంవత్సరములు స్వగ్రామముననే గడచెను.

ఏటేట వసంతమున ఆ యడవికి దక్షిణమునుండి చిన్న పిట్టలు వలస వచ్చుచుండెను. అవి పిచ్చుకకంటె చిన్నవి; ఒక్కొక్కటి తులమైనను తూగదు. వీపున ఆకుపచ్చ కలిసిన గోధుమవన్నె, పొట్టపై పసుపుడాలు. పురుగులను వెదకుచు ఆకుల చాటున క్షణమైనను నిలువక తిరుగును. వీని జ్ఞాతులు కొన్ని చలికాలమున మన తోటలకును వచ్చును. చూచువారు వానిని ఏదో పిట్ట యని విడిచిపెట్టుదురు. ఇంగ్లండులోను నాడు జరిగినది ఇంచుమించు అదియే. వీనిలో మూడు రకము లుండవచ్చునని డెర్‌హామ్ అను పండితుడు పూర్వమే ఊహించెను గాని, ఆ యూహ స్పష్టమైన రూపము దాల్చలేదు.

వైటు కాలమునకు ఛాయాచిత్రములు లేవు. ఉన్నను అవి యెంత సాయపడెడివో చెప్పుట కష్టము. నేడు మంచి కెమెరాతో తీసిన బొమ్మలోను ఇట్టి పిట్ట ఆకునీడన మసకగా పడినచో, కాళ్లరంగు తెలియదు, రెక్కపొడవు తెలియదు; పండితులు సైతము పేరు చెప్పుటకు సంకోచింతురు. బొమ్మకు గొంతు లేదు గదా! వైటు ఆ గొంతునే పట్టుకొనెను.

మార్చి నెలలో మొదట వచ్చునది చిఫ్, చాఫ్ అను రెండే స్వరములను సుత్తిదెబ్బలవలె మరల మరల పలుకును. రెండవదాని పాట మృదువుగా మొదలై క్రమముగా క్రిందికి జాఱును. మూడవది పొడవైన బీచిచెట్ల కొమ్మకొనలను విడువదు. రెక్కలు వణకించుచు మిడుతవలె చిరుధ్వని చేయును. వినికిడి యొక్కటే చాలునని వైటు తృప్తిపడలేదు. నాటి ఆచారము ననుసరించి తుపాకితో కొట్టి తెచ్చిన పక్షులను ప్రక్కప్రక్కల నుంచి పరీక్షించెను. మొదటిది అన్నిటికంటె చిన్నది, కాళ్లు నల్లనివి. మూడవది అన్నిటికంటె పెద్దది, పసుపు మిక్కిలి కలది. దాని రెక్క ఈకల కొనలు తెల్లనివి. అవి మూడు వేర్వేరు జాతులని 1768 ఆగస్టు 17వ తేదీన థామస్ పెన్నంట్ అను ప్రకృతిశాస్త్రజ్ఞునికి లేఖ వ్రాసెను. అవే నేటి చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్. వీనిలో చిఫ్‌చాఫ్‌కు నేటి శాస్త్రనామము 1817లో గాని యేర్పడలేదు.

ఇట్టివానికి చెవుడు వచ్చుట విధివైపరీత్యమే. 1774 నాటికే అది మాటిమాటికి వచ్చి పోవుచుండెను. వచ్చినపుడు, పక్షులు మిక్కిలిగా పాడు మే నెలలోను అడవి అతనికి మూగదయ్యెడిది. ఐనను వలసపక్షుల రాకపోకలను, వానను, ఎండను దినచర్యలో వ్రాయుట మానలేదు. అతని విచారణ లన్నియు ఫలించినవనుటకు వీలులేదు. వానకోవెలలు కొన్ని చలికాలమున దేశము విడువక ఎచ్చటనో దాగి నిద్రించునేమో అను పాతశంక అతనిని కడదాక వదలలేదు. పలుమారులు వెదకించెను గాని యొక్కటియు దొరకలేదు.

పెన్నంటునకును, డెయిన్స్ బారింగ్టన్ అను న్యాయవేత్తకును వ్రాసిన లేఖలను కూర్చి, సెల్బోర్ను ప్రకృతిచరిత్రగా 1789లో వెలువరించెను. ప్రచురించినవాడు సోదరుడు బెంజమిన్. మఱి నాలుగేండ్లకు, 1793 జూన్ 26న, వైటు సెల్బోర్నులోని తన యింటనే మరణించెను. చర్చి ఆవరణలోని సమాధిరాతిపై అతని పేరు యొక్క పొడి అక్షరములును, మరణించిన తేదియు మాత్రమే చెక్కబడియున్నవి.