ధూర్జటి మహాకవి

శుభలేఖలకును, శీర్షికలకును, గోడపత్రికలకును నేడు కంప్యూటరులో వాడు తెలుగు అక్షరరూపములలో ఒకదానికి ధూర్జటి యని పేరు. అలంకారమునకై తీర్చిన అక్షరములకు ఆడంబరమును రోసిన కవి పేరు పెట్టుట వింతయే.

ధూర్జటి పదునారవ శతాబ్దివాడు, శ్రీకాళహస్తీశ్వరుని భక్తుడు. తండ్రి నారాయణుడు, తల్లి సింగమ. శ్రీకృష్ణదేవరాయల (1509-1529) అష్టదిగ్గజములలో ఒకడని ప్రతీతి. ఆయన పలుకుల మాధురిని రాయలు నిండుసభలో మెచ్చెనని చాటుకథ కలదు. పెద్దన మనుచరిత్రమును రాయలకు అంకితమిచ్చెను. ధూర్జటి మాత్రము తన కావ్యమును ఏ రాజునకును ఈయక కాళహస్తీశ్వరునికే సమర్పించెను. శతకమున రాజులను, రాజసేవను మిక్కిలి నిష్ఠురముగా నిందించెను. కొలువు రుచి యెరిగినవాని మాట గనుక దానికంత బలము.

ఇక శ్రీకాళహస్తి మాహాత్మ్యమున ముక్తి నొందినవారెవరు? సాలెపురుగు, పాము, ఏనుగు, బోయ తిన్నడు. వీరిలో ఒక్కరికిని అక్షరము రాదు! సకలశాస్త్రములు చదివిన కవి వీరి కథలనే మనసు కరగి వ్రాసెను. సాలీడు తన దారముతోనే స్వామికి గుడి అల్లెను. పాము మణులతో పూజించెను. ఏనుగు వానిని తొలగించి నీరును, పూవులును, పత్రియు తెచ్చెను. తిన్నడు పుక్కిటి నీటితో అభిషేకించి, మాంసము నివేదించెను. లింగము కంట నెత్తురు కారగా తన కన్ను పెరికి అమర్చెను. రెండవ కంటను కారగా, గురుతుకై అచట చెప్పుకాలు మోపి, మిగిలిన కన్నును పెరుకబోయెను. అప్పుడు స్వామియే ప్రత్యక్షమై వారించెను.