ప్రతిజ్ఞాకర్త శ్రీ పైడిమర్రి వేంకటసుబ్బారావుగారు

ప్రతిదినమును పాఠశాలలందు మన బాలబాలికలు వరుసగా నిలిచి, కుడిచేయి చాచి దేశభక్తి ప్రతిజ్ఞ చేయుదురు. ఆ వాక్యములు కంఠస్థము కాని విద్యార్థి యరుదు; వానిని వ్రాసినవారెవరని యడిగినచో బదులు చెప్పగలవారును అరుదే. ఆ ప్రతిజ్ఞ మొదట పుట్టినది తెలుగుననియు, దాని కర్త తెలుగువారేననియు తెలుపుటకై వారి చరిత్రము నిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

శ్రీ సుబ్బారావుగారు 1916 సం. జూన్ 10 వ తేదీన నల్లగొండ మండలములోని అన్నెపర్తి గ్రామమున జన్మించిరి. నాడది నిజాము రాజ్యము. కచేరీలయందును పాఠశాలలయందును ఉర్దూకే యగ్రస్థానము. అట్టి సీమలో పెరిగియు వారు మాతృభాషను విడువక, పెక్కు భాషలు నేర్చి, తెలుగున రచనలు సాగించిరి. కాలభైరవుడను నవల వారి కృతులలో నొకటి.

ఖజానాశాఖలో నుద్యోగించుచు, 1962 లో వారు విశాఖపట్టణమున జిల్లా ఖజానా అధికారిగా నుండిరి. చైనాతో సరిహద్దు తగవు ముదిరి యుద్ధమునకు దారితీసిన సంవత్సరమది. ఆ యేటనే వారీ ప్రతిజ్ఞను రచించిరి. దేశీయులందరు తోబుట్టువులనియు, తల్లిదండ్రులను గురువులను పెద్దలను గౌరవింపవలెననియు అది బోధించును. అందు శత్రునింద లేదు. కులమత ప్రసక్తియు లేదు.

వారు దానిని స్వాతంత్ర్యయోధులగు శ్రీ తెన్నేటి విశ్వనాథముగారికి చూపిరి. వారి మూలమున అది నాటి విద్యామంత్రి శ్రీ పి. వి. జి. రాజుగారికి చేరెను. 1964 లో బెంగుళూరున, కేంద్ర విద్యామంత్రి శ్రీ ఎం. సి. చాగ్లాగారి యధ్యక్షతను జరిగిన సభలో, దేశమందలి పాఠశాలలన్నిట ప్రతిజ్ఞ చేయింపవలెనని నిశ్చయింపబడెను. 1965 సం. జనవరి 26 వ తేదీనుండి అది యమలులోనికి వచ్చి, వివిధ భాషలలోనికి పరివర్తితమయ్యెను.

వాక్యములు దేశమంతట వ్యాపించెను గాని కర్త పేరు వానితో పోలేదు. ఉద్యోగవిరమణానంతరము నల్లగొండలో నుండగా, మనుమరాలు పాఠ్యపుస్తకము చదువుచుండ విని, తమ రచనయే యందున్నదని వారు గ్రహించిరని చెప్పుదురు. అయినను కీర్తికై వారు పోరాడలేదు. 1988 సం. ఆగస్టు 13 వ తేదీన వారు పరమపదించిరి. పిదపనే కొన్ని తెలుగు పాఠ్యపుస్తకములందు ప్రతిజ్ఞతోడ వారి నామమును ముద్రింపబడెను.

సోదరులారా! మేము కోరునది స్వల్పము. మన బిడ్డలకు ప్రతిజ్ఞతోపాటు ప్రతిజ్ఞాకర్త నామమును నేర్పుడు. అందలి సోదరభావమును మన నడవడియందు చూపుదము. వారి ఋణము తీర్చుకొనుట కింతకు మించిన మార్గము లేదని మా నమ్మకము.