గురజాడ అప్పారావు, 1910 తోకచుక్క

గురజాడ వెంకట అప్పారావు (1862 సెప్టెంబరు 21 - 1915 నవంబరు 30) ఆధునిక తెలుగు కవిత్వానికి బాట వేసిన కవి, నాటకకర్త, కథకుడు, సంఘసంస్కర్త. కన్యాశుల్కం నాటకం ద్వారా సుప్రసిద్ధుడు. 1910లో హేలీ తోకచుక్క కనిపించినపుడు లోకం అంతమవుతుందన్న భయం దేశదేశాల్లో వ్యాపించింది. ఆ భయాన్ని తోసిపుచ్చుతూ ఆయన రచించిన గేయమే ముత్యాల సరములు. ఆయన జీవితంలోని ఈ ఘట్టానికి ఈ వ్యాసంలో ప్రాధాన్యం ఇవ్వబడింది.

బాల్యం, విద్య

అప్పారావు నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలో, మేనమామ ఇంట జన్మించాడు. తల్లిదండ్రులు కౌసల్యమ్మ, వెంకట రామదాసు. చీపురుపల్లిలో ప్రాథమిక విద్య ముగిసిన తరువాత చదువంతా విజయనగరంలోనే సాగింది. మహారాజా కళాశాల ప్రధానాచార్యుడు చంద్రశేఖర శాస్త్రి ఆయనకు ఆశ్రయమిచ్చి చదివించాడు. తరువాతి కాలంలో వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడైన గిడుగు రామమూర్తి ఇక్కడే సహాధ్యాయి. 1886లో బి.ఎ. పూర్తిచేసి, మరుసటి సంవత్సరం అదే కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. మొదట ఆంగ్లంలో కవిత్వం రాశాడు. సారంగధర కావ్యాన్ని చూసి మెచ్చిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చాడు. ఆ సలహా తెలుగువారికి ఎంత మేలు చేసిందో వేరుగా చెప్పనక్కరలేదు.

సంస్థానంలో

విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆదరణతో ఆయన సంస్థానంలో శాసన పరిశోధకుడుగా కూడా పనిచేశాడు. 1897లో ఆనంద గజపతి మరణించిన తరువాత రీవా మహారాణికి కార్యదర్శిగా ఉన్నాడు. శాసనాల పనితో పాటు కళింగ దేశ చరిత్రకు ఆధారాలు సేకరించాడు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం శైవ క్షేత్రం, సాగరతీరంలో శ్రీకూర్మం వైష్ణవ క్షేత్రం, నది సముద్రంలో కలిసే చోట ప్రాచీన రేవు కళింగపట్నం, చుట్టుపక్కల కొండలపై బౌద్ధుల శిథిలాలు - ఈ ప్రాంతంలో ఒక మతం వెలసిన చోటనే మరొకటి మాసిపోయిన జాడలు కనిపిస్తాయి. కళింగపట్నానికి చేరువలోని శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని గిడుగు 1919లో వెలుగులోకి తెచ్చాడు. అప్పటికి గురజాడ జీవించి లేడు. అయినా బౌద్ధ శిథిలాలున్న కొండ, శైవ వైష్ణవుల కలహం, నిప్పులు తొక్కడం ఆయన కథ "మీ పేరేమిటి?"లో ప్రవేశించాయి. అంతకుముందే కన్యాశుల్కంలో దెయ్యాన్ని సీసాలో బంధించానని నమ్మబలికే పూజారి గవరయ్యను సృష్టించి, జనం భయం మీద బతికేవారిని నవ్వులపాలు చేశాడు.

లోకాంత భయం

తోకచుక్క అరిష్టానికి సూచన అన్న నమ్మకం చాలా పాతది. వరాహమిహిరుని బృహత్సంహితలో కేతువుల ఫలితాలకు ఒక అధ్యాయమే ఉంది. తెలుగునాట వీరబ్రహ్మం కాలజ్ఞానం ఉండనే ఉంది. క్రైస్తవ దేశాల్లో ఈ భయం బైబిలులోని ప్రకటన గ్రంథంతో ముడిపడింది. అందులో ఆకాశం నుండి రాలిపడి నీటిని చేదుగా మార్చే మాచిపత్రి అనే నక్షత్రం ప్రస్తావన ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్తిస్టు బోధకుడు దానియేలు గ్రంథంలోని సంఖ్యలను లెక్కించి, క్రీస్తు రెండవ రాకడ 1843-44లో జరుగుతుందని బోధించాడు. 1843 తొలి మాసాల్లో కనిపించిన పెద్ద తోకచుక్క ఆయన అనుచరుల నమ్మకాన్ని పెంచింది. వారు చివరికి నిర్ణయించుకున్న 1844 అక్టోబరు 22 మామూలు రోజుగానే గడిచిపోయింది. ఆ దినం ఎవరికీ తెలియదని మత్తయి సువార్త 24వ అధ్యాయం చెబుతున్నందున, ఇట్లా తేదీలు కట్టడాన్ని క్రైస్తవుల్లోనే అనేకులు అంగీకరించరు.

దీనికి భిన్నమైన జోస్యం ఎడ్మండ్ హేలీది. ఒకే తోకచుక్క మళ్ళీ మళ్ళీ వస్తున్నదని 1705లో గణితంతో నిరూపించి, 1758లో తిరిగి వస్తుందని ప్రకటించాడు. 1742లో ఆయన మరణించినా, తోకచుక్క మాత్రం 1758 డిసెంబరులో కనిపించింది.

1910లో మాత్రం భయానికి శాస్త్రం కూడా కొంత తోడ్పడిందని ఒప్పుకోవాలి. దాని తోకలో సయనోజెన్ అనే విషవాయువు ఉన్నట్లు కనుగొన్నారు. భూమి ఆ తోక గుండా సాగిపోయేటపుడు ప్రాణులు నశించవచ్చునని ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ఫ్లమారియన్ అన్నట్లు పత్రికలు రాశాయి. పాశ్చాత్య నగరాల్లో తోకచుక్క మాత్రలు అమ్ముడుపోయాయి. మే 6న ఎడ్వర్డ్ చక్రవర్తి మరణించడం అనుమానాన్ని పెంచింది. మే 18, 19 తేదీల్లో భూమి తోక ప్రాంతాన్ని దాటింది. ఏ హానీ జరగలేదు.

ముత్యాల సరములు

ఈ గేయం 1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడింది. కులభేదం లేని సహపంక్తి భోజనంలో పాల్గొన్న భర్తకు, నలుగురి నిందకు వెరచే భార్యకు మధ్య జరిగే సంభాషణ ఇది. ఆకాశంలోని తోకచుక్కను భర్త భార్యకు చూపుతాడు. అది కీడు తెచ్చేది కాదనీ, దారిన పోతూ భూమిని చూడవచ్చిన దూరపు చుట్టమనీ చెబుతాడు. పైగా దానిని సంఘసంస్కరణకు ఎత్తిన జెండాగా భావిస్తాడు. గురజాడ ఇక్కడ ఏ మతాన్నీ పేరు పెట్టి ఖండించలేదు. కానీ లోకాంత జోస్యాలకు మూలమైన ఊహనే తలకిందులు చేశాడు. ప్రళయం తరువాత దేవుడు దింపే స్వర్గానికి బదులు, కులభేదాలు పోయి ప్రపంచమంతా ఒకే ఇల్లయి, మతాలు అంతరించి జ్ఞానం మిగిలినపుడు స్వర్గసుఖం భూమి మీదనే ఉంటుందని ఊహించాడు. ఇది కూడా ఒక జోస్యమే. అయితే దానికి తేదీ లేదు, అది మనుషులు చేయవలసిన పని. ఆ కాలంలో సహపంక్తి భోజనం చేసినవారికి వెలి తప్పేది కాదు కనుక, ఆకాశంలోని చుక్క కంటే ఇంటిలోని భయాన్ని పోగొట్టడమే కవికి కష్టమైన పని అయింది. గేయంలోని భార్య అంత సులభంగా ఒప్పుకోకపోవడం అందుకే సహజంగా ఉంటుంది.

చివరి సంవత్సరాలు

1911లో మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్య నిర్ణాయక సంఘంలో సభ్యుడై, గిడుగుతో కలిసి వాడుక భాష కొరకు వాదించాడు. 1913లో పదవీ విరమణ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 53 ఏళ్ళ వయసులో విజయనగరంలో మరణించాడు. ఆయన ప్రవేశపెట్టిన ముత్యాలసరం ఛందస్సు తరువాతి కవులకు అలవాటైన బాణీ అయింది. హేలీ తోకచుక్క 1986లో మళ్ళీ వచ్చి వెళ్ళింది. తిరిగి 2061లో రావలసి ఉంది.