సగంలో ఆగిన స్కాలర్‌షిప్

సామర్లకోట జంక్షన్‌లో కాకినాడకో, విశాఖకో రైలెక్కి యూనివర్సిటీకి వెళ్లే మన పిల్లలకు బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యాంగ నిర్మాతగా తెలుసు. స్కాలర్‌షిప్ మీద చదివిన విద్యార్థిగా అంతగా తెలియదు.

బొంబాయిలో బీఏ పూర్తి చేసిన ఆయన, 1913లో బరోడా సంస్థానం నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్లకు మంజూరు చేసిన ఉపకార వేతనంతో కొలంబియా వెళ్లారు. 1915లో ఎంఏ సాధించి, మరుసటి ఏడాది లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. చదువు సగంలో వదిలి తిరిగొచ్చారు. షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే, అంటరానివాడని తలదాచుకునే చోటు కూడా దక్కనివ్వలేదు. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుకు కొల్హాపూర్ మహారాజు సాయం, మిత్రుడి అప్పు తోడుచేసుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డీఎస్సీ పట్టా అందుకున్నారు.

రాజుగారి దయతో మొదలైన చదువు గడువు తీరితే ఆగిపోతుంది. బడ్జెట్‌లో రాసిన హక్కు అలా ఆగకూడదు. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన బాబాసాహెబ్, ఆ ఏడాదే ఎస్సీల సమస్యలపై వినతిపత్రం ఇచ్చారు. సైన్సు, సాంకేతిక విద్యకూ, విదేశీ చదువులకూ ప్రభుత్వ గ్రాంటు అడిగారు. 1944-45లో ఎస్సీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది.

2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో వచ్చిన జీవో 77, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారిని ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి తప్పించింది. డిగ్రీతో సరిపెట్టుకోమనడమే అది. బాబాసాహెబ్ బీఏతో సరిపెట్టుకోలేదు. పీజీ గ్రాంటు మనం చేయిచాచి అడిగే దానం కాదు. ఆయన పోరాడి ఖజానాలో రాయించిన మన వాటా.