జేమ్సు విల్సనుగారు

ఆదాయపు పన్ను అను మాట విననివారు మనలో నుండరు. దానిని మన దేశమున మొట్టమొదట ప్రవేశపెట్టిన జేమ్సు విల్సనుగారి చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుప నెంచితిమి.

ఈయన 1805వ సంవత్సరము జూను 3వ తేదీని స్కాట్లాండులోని హావిక్ పట్టణమున ఒక క్వేకరు కుటుంబమున జన్మించెను. చిన్ననాడే టోపీల పని నేర్చి, 1824లో లండను చేరి వర్తకము సాగించెను. 1837లో నీలిమందు బేరమున ధనము చాలవరకు పోగొట్టుకొనెను. ఋణదాతలకు కొంత ఆస్తి నప్పగించి విముక్తుడయ్యెను. ఆ ఆస్తి తలచిన వెలకు పోలేదని పిమ్మట తెలియగా, అడుగువారు లేకున్నను తక్కువపడిన సొమ్మును తానే చెల్లించెను. 1843లో ఎకానమిస్టు పత్రికను స్థాపించి, ధాన్యముపై సుంకము బీదల యాహారమును ప్రియము చేయుచున్నదని వాదించెను. 1847లో పార్లమెంటు సభ్యుడయ్యెను.

1857 నాటి తిరుగుబాటు వలన ఇండియా బొక్కసము అప్పులపాలయ్యెను. దానిని చక్కబెట్టుటకై విల్సనుగారు 1859 నవంబరులో కలకత్తా చేరిరి. ఉప్పు పన్ను కూలివానికిని కోటీశ్వరునికిని ఒక్కటియే. రైతు భూమిశిస్తు కట్టుచుండగా, గొప్ప వర్తకులును ఉద్యోగులును తమ సంపదకు తగినంత భరించుట లేదు. కావున 1860 ఫిబ్రవరి 18వ తేదీని ఆయన ఆదాయపు పన్నును ప్రతిపాదించెను. సాలుకు 200 రూపాయలకు లోబడినవారికి పన్ను లేదు. 500 లోపువారికి నూటికి 2, ఆపైవారికి నూటికి 4 రూపాయలు. అనగా 300 రూపాయలు గడించువాడు 6 రూపాయలును, వేయి గడించువాడు 40 రూపాయలును ఇయ్యవలెను.

వర్తకులును జమీందారులును అలజడి చేసిరి. మద్రాసు గవర్నరగు ట్రెవెల్యను దొర, ఖర్చులు తగ్గించిన చాలునని, క్రొత్త పన్ను అసంతృప్తిని పెంచునని తన యాక్షేపణను పత్రికలలో వెల్లడించి, అందువలన పదవి కోల్పోయెను. ఆయన మాట వట్టిదని మేము చెప్పజాలము. నాటి శాసనసభలో భారతీయుడొక్కడైనను లేడు. పన్ను ఇచ్చువారికి దాని వినియోగమును గూర్చి అడుగు హక్కు లేకపోయెను.

జూలైలో చట్టమయ్యెను. 1860 ఆగస్టు 11వ తేదీని విల్సనుగారు కలకత్తాలో రక్తగ్రహణి చేత మృతినొంది, అచ్చటనే సమాధి చేయబడిరి. ఆయన పన్ను 1865లో నిలిచిపోయెను. అప్పటి ఆర్థిక సభ్యుడు ఆ ట్రెవెల్యను దొరయే! 1886లో అది మరల వచ్చినను, వ్యవసాయాదాయమును విడిచిపెట్టుటచే పెద్ద భూస్వాములు తప్పించుకొనిరి.

విద్యార్థులారా! కూలివాని చేతి రూపాయి అతని పిల్లల భోజనము. ధనికుని చేతి రూపాయి పెట్టెలోని మిగులు. ఈ రెంటిని సమానముగా కొలుచుట న్యాయము కాదని విల్సనుగారు గ్రహించిరి. తీసికొన్న రూపాయికి ప్రజలయెదుట లెక్క చెప్పుట అందలి రెండవ సగమని మేము తలంచుచున్నాము. అడుగకయే బాకీ తీర్చిన ఆ టోపీల వర్తకుని చరిత్ర మనకు రెండు న్యాయములను జ్ఞప్తికి దెచ్చుచున్నది.