మైలేజీ లెక్క గెలిచారు.. ఇంటి లెక్క ఓడారు: రుడాల్ఫ్ డీజిల్ జీవితం

చిన్న ఎస్‌యూవీ కొందామని షోరూమ్‌కు వెళ్లేవాళ్లు ముందుగా అడిగేవి మూడే ప్రశ్నలు. చప్పుడు ఎంత? ఎత్తు మీద లాగుతుందా? లీటరుకు ఎంత ఇస్తుంది? ఇంటిల్లిపాది ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే ఈ మూడూ అడగాల్సిందే. డీజిల్ బండి అయితే ఇంకా గట్టిగా అడుగుతారు. పెట్రోల్ బండి కన్నా ధర ఎక్కువ, చప్పుడు కూడా ఎక్కువే, కానీ మైలేజీ బాగుంటుంది అన్న మాట అందరికీ తెలిసిందే.

అయితే డీజిల్ అనేది ఒక మనిషి ఇంటిపేరు అని చాలామందికి తెలియదు. ఈ మూడు ప్రశ్నలతోనే ఆయన జీవితం మొత్తం గడిచింది. ఇంజిన్‌లో గ్రాము ఇంధనం కూడా వృథా కాకుండా చూసిన ఆ మనిషి, చివరికి సొంత ఇంటి జమాఖర్చులు చూసుకోలేక చితికిపోయారు.

తోపుడు బండి నుంచి పాలిటెక్నిక్ దాకా

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి థియోడర్ పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు, తోలు సామాను తయారు చేసేవాడు. అంతంత మాత్రం సంపాదన. తయారైన సరుకును తోపుడు బండి మీద పెట్టుకుని ఇంటింటికీ చేర్చే పని చిన్న రుడాల్ఫ్‌ది.

1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం మొదలైంది. పారిస్‌లో ఉన్న జర్మన్లు ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. పుట్టి పెరిగిన ఊరే పరాయిదైపోయింది. కుటుంబం లండన్ చేరింది కానీ అక్కడ గడవడం కష్టమైంది. దాంతో పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటి యజమాని లెక్కల మాస్టారు. కుర్రాడికి అక్కడే చదువు మీద పట్టు దొరికింది. క్లాసులో ఫస్ట్ వచ్చాడు. స్కాలర్‌షిప్ మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు.

అక్కడ ఆయనకు పాఠం చెప్పిన గురువు కార్ల్ వాన్ లిండే. ఐస్ తయారు చేసే యంత్రాలతో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. ఆవిరి ఇంజిన్‌లో వంద రూపాయల బొగ్గు కాలిస్తే పది రూపాయల పని కూడా దక్కడం లేదని, మిగతాదంతా వేడిగా గాలిలో కలిసిపోతోందని లిండే పాఠాల వల్ల అర్థమైంది. ఆ వృథా ఆ కుర్రాడి మనసులో నాటుకుపోయింది. 1879లో టైఫాయిడ్ రావడంతో తోటివాళ్లతో పాటు పరీక్ష రాయలేకపోయినా, 1880 జనవరిలో రాసి అత్యుత్తమ మార్కులతో బయటికి వచ్చారు.

ప్రాణం మీదికి తెచ్చిన ప్రయోగాలు

చదువు కాగానే పారిస్‌లో లిండే ఐస్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఏడాదిలోనే దాన్ని నడిపించే స్థాయికి ఎదిగారు. 1883లో మార్తా ఫ్లాషేతో పెళ్లి అయింది. ముగ్గురు పిల్లలు. జీతం బాగానే వచ్చేది. అక్కడితో ఆగి ఉంటే సుఖంగా బతికేవారు.

కానీ ఇంజిన్ పిచ్చి వదల్లేదు. మొదట ఆవిరి బదులు అమ్మోనియాతో ఇంజిన్ నడపాలని చూశారు. ఒకసారి అది పేలిపోయి ఆయన ప్రాణాల మీదికి వచ్చింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆరోగ్యం, ముఖ్యంగా కళ్లు ఆ తర్వాత కూడా ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి.

కొత్త ఆలోచన ఇది. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది కదా. గాలిని బాగా నొక్కితే వేడి పుడుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే, అందులోకి చిమ్మిన ఇంధనం నిప్పు లేకుండానే దానంతట అదే అంటుకోవాలి. స్పార్క్ ప్లగ్ అవసరమే లేదు. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ పని రాబట్టుకోవచ్చు. ఈ ఆలోచనకు 1892లో బెర్లిన్‌లో పేటెంట్ దరఖాస్తు చేశారు. 1893లో అది చేతికి వచ్చింది.

ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ డైరెక్టర్ హైన్‌రిష్ వాన్ బుజ్ ఆయన్ను నమ్మారు. ఆ ఫ్యాక్టరీయే తర్వాత ఎంఏఎన్ అయింది. ఉక్కు కంపెనీ క్రుప్ కూడా డబ్బు పెట్టింది. 1893 ఆగస్టులో మొదటి ప్రయోగం. లోపల ఇంధనం అంటుకోగానే ఒత్తిడి కొలిచే పరికరం తునాతునకలైంది. చుట్టూ ఉన్నవాళ్లు త్రుటిలో తప్పించుకున్నారు. ఇంజిన్ నడవలేదు. కానీ నిప్పు లేకుండానే ఇంధనం అంటుకుంటుందని తేలిపోయింది. 1894 ఫిబ్రవరి 17న ఇంజిన్ తనంతట తాను ఒక్క నిమిషం తిరిగింది. ఆ ఒక్క నిమిషాన్ని నమ్ముకుని ఇంకో మూడేళ్లు కష్టపడ్డారు.

1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ ఆ ఇంజిన్‌ను అధికారికంగా పరీక్షించారు. సుమారు 20 హార్స్‌పవర్. ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారింది. అప్పట్లో మామూలు ఆవిరి ఇంజిన్ ఇచ్చేదానికి ఇది రెండింతల పైమాటే. ఆ రోజుల్లో మరే ఇంజిన్‌కూ ఆ మైలేజీ లేదు.

లక్షల మార్కులు వచ్చాయి.. నిలవలేదు

ఒక్కసారిగా డబ్బు వచ్చి పడింది. అమెరికాలో బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ ఆ దేశపు హక్కుల కోసం పది లక్షల మార్కులు ఇచ్చారు. మిగతా దేశాల కంపెనీలూ క్యూ కట్టాయి. మ్యూనిక్‌లో రుడాల్ఫ్ పెద్ద భవనం కట్టించుకున్నారు. తోపుడు బండి తోసిన పిల్లాడు కోటీశ్వరుడయ్యారు.

కానీ సరుకు ఇంకా పక్వానికి రాలేదు. 1898లో కెంప్టెన్ ఊళ్లోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి అమ్మిన మొదటి ఇంజినే మొరాయించింది. ఇంధనాన్ని లోపలికి చిమ్మడానికి పక్కన ఒక పెద్ద ఎయిర్ కంప్రెసర్ ఉండాలి. బరువు ఎక్కువ, చప్పుడు ఎక్కువ, మరమ్మతులు ఎక్కువ. పైగా పేటెంట్‌లో రాసింది ఒకటి, ఫ్యాక్టరీలో నడుస్తున్నది ఇంకొకటి అంటూ ప్రత్యర్థులు విమర్శలకు దిగారు. అందులో కొంత నిజమూ ఉంది. కాగితం మీద అనుకున్నంత ఒత్తిడి ఇంజిన్‌లో సాధ్యం కాలేదు. ప్రయోగాల్లో దారి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఒత్తిడికి 1898లో ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది.

1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ ఇంజిన్‌కు గ్రాండ్ ప్రైజ్ దక్కింది. అక్కడే ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనె పోసి నడిపించారు. పెట్రోలియం లేని దేశాల రైతులు కూడా తమ పంటతో ఇంజిన్ నడుపుకోవచ్చన్న ఆలోచన తర్వాతి రోజుల్లో రుడాల్ఫ్‌కు బాగా నచ్చింది. 1903లో వోల్గా నది మీద వాండాల్ అనే డీజిల్ నౌక నడిచింది. 1912లో సెలాండియా సముద్రాలు దాటింది. ఇంజిన్ గెలుస్తూనే ఉంది.

అదే సమయంలో దాన్ని కనిపెట్టిన మనిషి ఓడిపోతున్నారు. వచ్చిన డబ్బును స్థలాల మీద, షేర్ల మీద పెట్టి పోగొట్టుకున్నారు. కోర్టు ఖర్చులు, పెద్ద ఇంటి ఖర్చులు సరేసరి. అప్పులు పెరిగాయి. బయటికి మాత్రం పరువు కాపాడుకుంటూ వచ్చారు. ఇంట్లోవాళ్లకు కూడా అసలు లెక్క చెప్పలేదు.

1913 సెప్టెంబర్ 29 రాత్రి

ఇంగ్లండ్‌లో కొత్త డీజిల్ ఫ్యాక్టరీ పని మీద ఆ రోజు ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే స్టీమర్ ఎక్కారు. తోటి ప్రయాణికులతో కలిసి భోజనం చేశారు. రాత్రి పది గంటల ప్రాంతంలో కేబిన్‌కు వెళ్లారు. ఉదయం 6.15కి లేపమని చెప్పారు. తెల్లారి చూస్తే మనిషి లేరు. పడక నలగలేదు. డెక్ మీద కమ్మీల దగ్గర టోపీ, కోటు కనిపించాయి. పది రోజుల తర్వాత ఒక డచ్ పడవ వాళ్లకు సముద్రంలో శవం దొరికింది. జేబులోని వస్తువులు తీసుకుని శవాన్ని మళ్లీ సముద్రానికే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కొడుకు యూజెన్ గుర్తుపట్టారు. అప్పటికి రుడాల్ఫ్ వయసు 55.

జర్మన్ గూఢచారులు చంపారని కొందరు, చమురు కంపెనీల పని అని ఇంకొందరు అన్నారు. దేనికీ రుజువు దొరకలేదు. ప్రయాణానికి ముందు ఆయన భార్యకు ఒక సంచి ఇచ్చారు. వారం తర్వాతే తెరవమన్నారు. అందులో 20,000 మార్కుల నగదు, బ్యాంకు ఖాతాలు ఖాళీ అయ్యాయని చూపే కాగితాలు ఉన్నాయి. డైరీలో ఆ తేదీ దగ్గర చిన్న గుర్తు ఒకటి పెట్టి ఉంది. వీటిని చూసి, అప్పుల బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకున్నారనే ఎక్కువమంది చరిత్రకారులు భావిస్తారు. ఇంట్లో ఒక్కరితోనైనా మనసు విప్పి మాట్లాడి ఉంటే ఏమయ్యేదో.

ఆ చప్పుడు ఎక్కడిది?

ఆయన పోయాక కూడా చప్పుడు సమస్య పోలేదు. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం చిమ్మగానే అంటుకోదు. లిప్తకాలం ఆలస్యం అవుతుంది. ఈలోపు పోగైన ఇంధనమంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. సిలిండర్ గోడలకు సుత్తి దెబ్బ తగిలినట్టు అవుతుంది. పొలాల్లో ఆయిల్ ఇంజిన్ నుంచి వినిపించే టకటక చప్పుడు అదే.

1909లో ప్రాస్పర్ లోరాంజ్ అనే ఇంజినీర్ ఇంధనం ముందుగా ఒక చిన్న గదిలో అంటుకునేలా చేసి, చప్పుడు తగ్గించే దారి చూపారు. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడంతో ఆ భారీ ఎయిర్ కంప్రెసర్ అవసరం తీరిపోయింది. అప్పుడే డీజిల్ కారులో పట్టింది. 1936లో మెర్సిడెస్ 260డి వచ్చింది. అయితే చిన్న గది పద్ధతిలో చప్పుడు తగ్గినా వేడి వృథా అయి మైలేజీ తగ్గేది. నేరుగా చిమ్మితే మైలేజీ పెరిగి చప్పుడు పెరిగేది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

ఆ పేచీని చాలావరకు తీర్చింది కామన్ రైల్. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో మార్కెట్‌లోకి వచ్చింది. ఇంధనాన్ని ఒకేసారి కాకుండా విడతలుగా చిమ్ముతుంది. ముందు చిటికెడు ఇంధనం వెళ్లి మంట రాజేస్తుంది, తర్వాత అసలు మోతాదు వెళుతుంది. సుత్తి దెబ్బ కాస్తా మెత్తటి తోపు అవుతుంది.

మన రోడ్ల మీద ఆయన లెక్క

ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్ ఇదే పద్ధతిలోది. మన దేశంలో ఎన్ని కంపెనీల బండ్లలో వాడారంటే దానికి నేషనల్ ఇంజిన్ అని పేరు పడింది. 2016లో వచ్చిన మారుతి విటారా బ్రెజా చిన్న ఎస్‌యూవీలోనూ అదే. 1,248 సీసీ, సుమారు 90 హార్స్‌పవర్, 200 ఎన్ఎం టార్క్. 2020లో అదే బండికి వచ్చిన పెట్రోల్ ఇంజిన్ 1.5 లీటర్లది. పవర్ 105, టార్క్ మాత్రం 138 ఎన్ఎం. కాగితం మీద పెట్రోల్‌ది పైచేయి. కానీ డీజిల్ టార్క్ 1,750 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, పెట్రోల్‌ది 4,400 దాకా వెళితే గానీ రాదు. నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలిసేది అక్కడే.

అధికారిక మైలేజీ డీజిల్‌కు లీటరుకు 24.3 కిలోమీటర్లు, పెట్రోల్ మాన్యువల్‌కు 17.03. రోడ్డు మీద రెండూ తగ్గుతాయి. ఆ అంకెలతోనే లెక్క వేస్తే నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు 17, 18 లీటర్లు మిగులుతాయి. 300 కిలోమీటర్లే తిరిగితే ఐదు లీటర్లు. లీటరు వంద రూపాయలనుకున్నా నెలకు ఐదారు వందలే. బండికి అదనంగా పెట్టిన లక్ష రూపాయలు ఆ లెక్కన తిరిగి రావాలంటే పదిహేనేళ్లు పడుతుంది. పైగా చిన్న చిన్న సిటీ ట్రిప్పులకే వాడితే డీజిల్ బండిలోని పొగ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాయి. పొగ, కాలుష్యం అనే నాలుగో ప్రశ్న ఇప్పుడు మిగతా మూడింటినీ దాటిపోయింది.

అయినా లారీలు, నౌకలు, ట్రాక్టర్లు ఇంకా ఆయన పేరు మీదే నడుస్తున్నాయి. మంచి డీజిల్ ఇంజిన్ ఇప్పుడు 40 శాతానికి పైగా శక్తిని పనిగా మారుస్తోంది. 1897లో 26 శాతం చూసి ఆనందపడిన మనిషి దాన్ని చూడలేకపోయారు. బండి కొనేవాళ్లు ఆయన నుంచి నేర్చుకోవాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి, ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో లెక్కగట్టడం. రెండోది ఆయన చేయలేకపోయింది. ఈఎంఐ మీద సంతకం పెట్టే ముందే అసలు లెక్క ఇంట్లోవాళ్ల ముందు పెట్టడం.